ఈడిపస్ కథను గంట రేడియో నాటకంగా రాస్తే హత్యను, ఉరిని, కళ్ళు పొడుచుకోవడాన్ని ఎలా వినిపించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కాలేజీ మిత్రులు కలిసి గ్రీకు నాటకకర్త సోఫోక్లీజ్ రాసిన ఈడిపస్ నాటకాన్ని గంట నిడివిలో రేడియోకు చేయబోతున్నారు. తండ్రిని చంపి తల్లిని పెళ్ళాడతాడన్న జోస్యానికి భయపడి, చీలమండలు గుచ్చి కొండ మీద వదిలేయమన్న పసివాడు బతికి, పెరిగి, తెలియకుండానే ఆ రెండూ చేసి, థీబ్స్ రాజై, చివరికి ఆ నిజాన్ని తానే తవ్వి తీసే కథ అది. మూడు దారుల కూడలిలో జరిగిన హత్యను, రాణి ఉరి వేసుకోవడాన్ని, రాజు కళ్ళు పొడుచుకోవడాన్ని ఫ్లాష్‌బ్యాక్ దృశ్యాలుగా, శబ్దాలతో వినిపించాలని అనుకుంటున్నారు. కోరస్‌ను, అంటే ఊరి పెద్దలుగా పాడుతూ మాట్లాడే బృందాన్ని, తీసేయవచ్చా, పేర్లను తెలుగు పేర్లుగా మార్చాలా అని కూడా అడిగారు.

సూటిగా చెబుతాను. ఆ మూడింటిలో ఒక్కదాన్ని కూడా దృశ్యంగా వినిపించకండి. మూలంలో ఉన్నట్టే, చూసినవాళ్ళ నోట, చేసినవాడి నోట చెప్పించండి. కోరస్‌ను ఉంచండి, కాని అందరూ ఒక్కసారిగా మాట్లాడే గుంపుగా కాదు. పేర్లు మార్చకండి. నేను రేడియోకు ముప్ఫై ఏళ్ళకు పైగా నాటకాలు రాశాను. ఈ నాటకాన్ని రెండుసార్లు చేశాను. మొదటిసారి సరిగ్గా మీరు అనుకుంటున్నట్టే చేసి దెబ్బతిన్నాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

గ్రీకు విషాద నాటకాల్లో చావు దాదాపు ఎప్పుడూ ప్రేక్షకుల కళ్ళ ముందు జరగదు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఏథెన్స్‌లో, ఆక్రోపోలిస్ కొండ దక్షిణపు వాలులోని డయోనిసస్ రంగస్థలంలో వేలమంది కూర్చుని చూసేవారు. అయినా ఘోరం జరిగేది తలుపుల వెనకే. తరువాత ఒక మనిషి బయటికి వచ్చి ఏం జరిగిందో చెబుతాడు, జనం వింటారు. అంటే రేడియోలో మనం చేసే పనినే వాళ్ళు ఇరవై నాలుగు శతాబ్దాల క్రితం ఎండలో, బయలు రంగస్థలంలో చేశారు. అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో, కథను ఎలా అల్లాలంటే కళ్ళతో చూడకపోయినా, జరిగింది విన్నవాడికే ఒళ్ళు గగుర్పొడవాలి, జాలి కలగాలి అంటాడు. అందుకు ఆయన ఇచ్చిన ఉదాహరణ ఈ ఈడిపస్ కథే. రేడియో నాటకం రాసేవాళ్ళకు ఇంతకన్నా పెద్ద హామీ ఎక్కడా దొరకదు.

ఇక నా మొదటి ప్రయత్నం. ఈడిపస్ తన భార్య జొకాస్టాకు కూడలి సంగతి చెప్పే ఘట్టంలో సంగీతంతో గతంలోకి తీసుకెళ్ళాను. బండి చక్రాలు, గుర్రాల డెక్కలు, ముసలి రాజు అదిలింపు, కర్ర దెబ్బ, అరుపులు. మూడు నిమిషాల దృశ్యం. రెండు రోజులు కష్టపడి రికార్డు చేశాం. స్టూడియోలో అందరూ మెచ్చుకున్నారు. ప్రసారమయ్యాక ఒక శ్రోత ఉత్తరం రాశారు: "ఆయనకు అంతా గుర్తుంది కదా, మరి ఆ తరువాత కూడా ఏమీ తెలియనట్టు ఎందుకు మాట్లాడుతున్నాడు?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మీకు ఆ శ్రమ తప్పిస్తాను.

ఈ నాటకం ఒక దర్యాప్తు. పాత రాజు లాయస్‌ను చంపింది ఎవరు అన్నది ప్రశ్న. ఆ రోజు బతికి బయటపడ్డ ఒకే ఒక్కడు ఊరికి వచ్చి "దొంగలు చంపారు, ఒకడు కాదు, చాలామంది" అని చెప్పాడు. ఈడిపస్‌కు తాను కూడలిలో ఒక ముసలివాణ్ణి చంపిన సంగతి గుర్తుంది. అతడు లాయస్ అవునో కాదో తెలియదు. కాబట్టి ఆ "చాలామంది" అన్న మాటను పట్టుకుని వేలాడతాడు. ఆ సాక్షి ఇప్పుడు కూడా అదే లెక్క చెబితే నేను హంతకుణ్ణి కాను, ఒకడు చాలామంది కాలేడు కదా, అంటాడు. నాటకం సగానికి వచ్చాక అతనికి మిగిలిన ఆశ అంతా ఒక బహువచనం మీద నిలబడి ఉంది.

ఇప్పుడు నేను చేసింది చూడండి. లాయస్‌కు ఒక గొంతు ఇచ్చాను. ఈడిపస్ పాత్రధారి గొంతుతో ఆ కర్రను తిప్పించాను. శ్రోత చెవికి అది జ్ఞాపకంలా కాదు, జరిగిన వాస్తవంలా వినిపించింది. ఒక మనిషి నోటితో చెబితే అది సాక్ష్యం. దానిలో పొరపాటుకు, ఆశకు, దాపరికానికి చోటు ఉంటుంది. అదే సంగతిని శబ్దాలతో వినిపిస్తే అది తీర్పు అవుతుంది. తీర్పు వచ్చాక కూడా ఆశపడుతున్న ఈడిపస్ శ్రోతకు అబద్ధాలకోరులా కనిపించాడు. తప్పు పాత్రది కాదు, నా చక్రాల శబ్దానిది.

ఇంకొక నష్టం కూడా జరిగింది. మూలంలో అతను ఆ సంగతిని భార్యకు చెబుతున్నాడు. ఆమె ఎదురుగా నిలబడి వింటోంది. ఆమె వింటోందన్న ఎరుకతోనే అతని మాట ఆగుతుంది, తడబడుతుంది, చివరికి "అందరినీ చంపాను" అన్న చిన్న ముక్కతో ముగుస్తుంది. ఫ్లాష్‌బ్యాక్ మొదలైన క్షణాన ఆ గదిలోంచి జొకాస్టాను నేనే బయటికి పంపేశాను. రెండోసారి చేసినప్పుడు ఆ ఘట్టంలో శబ్దాలన్నీ తీసేశాను. ఇద్దరినీ ఒకే మైకు ముందు నిలబెట్టాను. ఆయన చెబుతూ ఉంటే ఆమె ఊపిరి అక్కడక్కడా వినపడుతుంది. అంతే.

ఉరి, కళ్ళు పొడుచుకోవడం సంగతి కూడా ఇంతే, కాకపోతే అక్కడ సోఫోక్లీజ్ ఇంకా లోతుగా వెళ్ళాడు. రాజభవనంలోంచి వచ్చి చెప్పే సేవకుడు కూడా జొకాస్టా చనిపోవడాన్ని చూడలేదు. ఆమె పడకగదిలోకి పరుగెత్తి తలుపులు మూసుకుంది. ఎప్పుడో పోయిన లాయస్‌ను పేరుపెట్టి పిలుస్తూ ఏడ్వడం బయటికి వినిపించింది. ఇంతలో ఈడిపస్ అరుస్తూ వచ్చాడు, అందరి కళ్ళూ అతని మీదికి మళ్ళాయి, ఆమె ఎలా పోయిందో నాకు తెలియదు అంటాడు సేవకుడు. అసలు ఘోరాన్ని చూసినవాడు నాటకంలో ఒక్కడూ లేడు. తలుపులు పగిలాక వేలాడుతున్న శరీరం, ఆమె వస్త్రానికి ఉన్న బంగారు పిన్నులు, ఆ పిన్నులతో అతను చేసిన పని, ఇవి మాత్రం చూసి చెబుతాడు. చెప్పేముందే ఒక మాట అంటాడు: ఇందులో అన్నిటికన్నా బాధాకరమైనది మీకు తప్పింది, ఎందుకంటే మీరు చూడలేదు. ఆ వాక్యాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కత్తిరించకండి. రేడియో ముందు కూర్చున్న మనిషితో నేరుగా అన్నట్టు ఉంటుంది.

ఈ సేవకుడి పాత్రను నటించే మిత్రుడికి ఒకటే చెప్పండి: ఏడవవద్దు. అతను తన యజమానుల ఇంట్లో జరిగినదాన్ని ఊరి పెద్దలకు వరసగా చెప్పాల్సిన మనిషి. మైకుకు దగ్గరగా, గొంతు పెంచకుండా, నేపథ్య సంగీతం లేకుండా చెప్పించండి. మాది నాలుగు నిమిషాలు వచ్చింది. ఎడిటింగ్ చేసినాయన "ఇంత సేపు ఒట్టి గొంతేనా" అని భయపడ్డారు. ప్రసారం తరువాత శ్రోతలు ఎక్కువగా ప్రస్తావించింది ఆ నాలుగు నిమిషాలనే.

ఒక మినహాయింపు చెప్పాలి. గ్రీకులు చావు కేకను ఎన్నడూ వినిపించలేదని కాదు. ఈస్కిలస్ రాసిన అగమెమ్నాన్‌లో, క్రీ.పూ. 458లో, రాజు లోపలి నుంచి రెండుసార్లు కేక వేస్తాడు. యూరిపిడీస్ రాసిన మెడియాలో, క్రీ.పూ. 431లో, పిల్లల అరుపులు తలుపుల వెనక నుంచి వినిపిస్తాయి. రేపు మీరు ఆ నాటకాలు చేస్తే ఆ కేకలను ఉంచాల్సిందే. సోఫోక్లీజ్‌కు ఆ పద్ధతి తెలిసి కూడా ఈడిపస్‌లో దాన్ని వాడలేదు. ఆ ఎంపికను మనం గౌరవించాలని నా అభిప్రాయం.

మరి శబ్దాలు అసలే వద్దా? కొన్ని కావాలి. భవనం తలుపులు కావాలి, ఎందుకంటే ఈ నాటకంలో రాజు, రాణి రాకపోకలన్నీ ఆ తలుపుల గుండానే. అంధుడైన జోస్యుడు టైరీసియస్ చేతికర్ర, అతన్ని నడిపించే కుర్రవాడి అడుగులు కావాలి. ఈడిపస్ కుంటి నడకను వినిపించాలని మీకు తప్పకుండా అనిపిస్తుంది, పేరుకే 'వాచిన పాదం' అని అర్థం కాబట్టి. నేనూ పెట్టి చూశాను. ప్రతి రాకపోకకూ ఆ ఈడ్పు వినిపించేసరికి శ్రోత కథ వదిలి కాలి గురించి ఆలోచించడం మొదలుపెట్టాడు. తీసేశాను. చీలమండల మాట వచ్చినప్పుడు మాటే చాలు.

అన్నిటికన్నా కష్టమైన చోటు ఇంకొకటి ఉంది, దాని గురించి మీరు అడగలేదు. కొరింథ్ నుంచి వచ్చిన ముసలాయన, నీవు నిన్ను పెంచిన పాలిబస్ రాజు కన్నకొడుకువు కావు, కితైరాన్ కొండ మీద ఒక కాపరి నా చేతికి ఇచ్చిన పసివాడివి అని ఈడిపస్‌కు చెబుతున్నప్పుడు జొకాస్టా అక్కడే ఉంది. అరవై పంక్తులకు పైగా ఒక్క మాట మాట్లాడదు. రంగస్థలం మీద ప్రేక్షకుడు ఆ మౌనాన్ని చూస్తాడు, ఆమెకు అంతా అర్థమవుతోందని పసిగడతాడు. రేడియోలో మాట్లాడని మనిషి లేనట్టే. ఐదు నిమిషాలు మౌనంగా ఉంటే శ్రోత ఆమెను మరిచిపోతాడు.

దీనికి మందు నాటకంలోనే దొరికింది. ఆ ఘట్టానికి కాస్త ముందు జొకాస్టా పూలదండలు, ధూపం పట్టుకుని అపోలో దేవుడి దగ్గర మొక్కుకోవడానికి బయటికి వస్తుంది. ఆ ధూపపాత్రను ఆమె చేతిలో ఉంచాను. దాని కంచు మూత చిన్నగా కదిలే శబ్దాన్ని శ్రోత చెవికి ముందే అలవాటు చేశాను. కొరింథ్ మనిషి మొదట సరదాగా చెబుతున్నప్పుడు మూత శబ్దం మామూలుగా వినిపిస్తుంది. "కితైరాన్ లోయల్లో" అన్నప్పుడు ఒకసారి గట్టిగా తగులుతుంది. "చీలమండలు గుచ్చి కట్టేసి" అన్నప్పుడు ఆగిపోతుంది. ఆ తరువాత ఏమీ ఉండదు. అలవాటైన శబ్దం ఆగిపోతే మనిషి చెవి దాన్ని వెతుకుతుంది. ఆమె మౌనం అలా వినపడింది.

ఇక భాష. నాటకమంతా వినికిడి మీద నిలబడేటప్పుడు ఏ మాటను ఎంచుకున్నామన్నదే అసలు పని. తెలుగులో రాసేవాళ్ళకు గ్రీకులో లేని ఒక ఇబ్బంది ఉంది, అది వరం కూడా. గ్రీకులో మర్యాద బహువచనం లేదు. రాజునైనా బంటునైనా ఒకే మాటతో పిలుస్తారు. మనం మొదటి సంభాషణలోనే తేల్చుకోవాలి: ఎవరు ఎవరిని నువ్వు అంటారు, ఎవరు మీరు అంటారు?

టైరీసియస్ విషయంలో తేలిక. ఈడిపస్ ఆయన్ని ఎంతో గౌరవంగా "మీరే మాకు దిక్కు" అంటూ ఆహ్వానిస్తాడు. జోస్యుడు నోరు విప్పనంటాడు. రాజుకు కోపం పెరుగుతుంది. సరిగ్గా ఎక్కడ "మీరు" జారిపోయి "నువ్వు" వస్తుందో అక్కడ శ్రోతకు రాజు అదుపు తప్పాడని తెలిసిపోతుంది. ఆ ఘట్టంలో ఒక తిట్టు ఉంది: నీ చెవులూ గుడ్డివే, బుద్ధీ గుడ్డిదే, కళ్ళూ గుడ్డివే. గ్రీకులో ఆ పంక్తి 'త' శబ్దంతో సుత్తి దెబ్బల్లా పడుతుంది. "చెవులు గుడ్డివి" అనడం వింతగా ఉందని మీలో ఎవరో ఒకరు దాన్ని "చెవిటివి" అని దిద్దుతారు. దిద్దనివ్వకండి. ఆ వింత మూలంలోనే ఉంది. చెవులకు కూడా గుడ్డితనం ఉంటుందన్న ఆ మాట తిరిగి అన్నవాడి మీదికే వస్తుంది.

జొకాస్టా దగ్గర మాత్రం నేను చాలా రోజులు ఆగిపోయాను. ఆమె అతనికన్నా పెద్దది, ముందునుంచీ రాణి. కాని అతను రాజు, భర్త. చివరికి అతను ఆమెను "నువ్వు" అనేటట్టు, ఆమె అతన్ని "మీరు" అనేటట్టు పెట్టాను. ఆమె మొదటి రాక నుంచి ఈ "మీరు" శ్రోత చెవిలో పడేటట్టు చూసుకున్నాను. మన భాషలో సర్వనామం తరచూ ఎగిరిపోతుంది కాబట్టి క్రియల చివరనైనా మర్యాద వినపడాలి: చెప్పండి, వినండి, లోపలికి రండి.

ఇక ఆమెకు నిజం తెలిసిపోయిన తరువాతి మాటలు. ఈడిపస్ ఆ కాపరిని పిలిపిస్తానంటాడు. ఆమె బతిమాలుతుంది. "దేవుళ్ళ మీద ఒట్టు, మీ ప్రాణం మీద మీకు ఏమాత్రం ఆశ ఉన్నా ఇక వెతకకండి. నా బాధ చాలు." అతను వినడు. "నా మాట వినండి. వద్దు." అతను వినడు. అప్పుడు: "అభాగ్యుడా, నువ్వెవరో నీకు ఎన్నటికీ తెలియకూడదు." అక్కడ మొదటిసారి "నువ్వు" వస్తుంది. ఆ తరువాత వెళ్ళిపోతూ, నిన్ను పిలవడానికి నాకు ఈ ఒక్క మాటే మిగిలింది, ఇంకే మాటతోనూ ఇక ఎప్పటికీ పిలవను, అంటుంది. మూలంలో ఆమె అన్నది కూడా అదే. భర్త అని పిలవలేదు, కొడుకు అని పిలవలేదు. తెలుగులో ఆ "నువ్వు" అనే ఒక్క మాటలో భార్య తప్పుకుని తల్లి మిగులుతుంది.

రిహార్సల్‌లో ఒక చిక్కు వచ్చింది. నటి ఆ "నువ్వు"ను కోపంగా అంది. కోపం వచ్చిన భార్య కూడా నువ్వు అంటుంది కదా, అలా వినిపించింది. మూడు సార్లు చేసినా కుదరలేదు. చివరికి, జ్వరంతో నిద్రపోతున్న పిల్లవాడి దగ్గర వంగి చెబుతున్నట్టు చెప్పమన్నాను. గొంతు పూర్తిగా తగ్గిపోయింది. ఆ టేక్‌నే ఉంచాం. ఈడిపస్ ఈ మార్పును గమనించడు. నా పుట్టుక తక్కువదని ఈమె సిగ్గుపడుతోంది అనుకుంటాడు. శ్రోత విన్నాడు, అతను వినలేదు.

మర్యాద బహువచనం ఇంకొక చోట ఉచ్చు కూడా వేస్తుంది, జాగ్రత్త. "లాయస్‌ను ఎవరు చంపారు?" అన్నప్పుడు మన భాషలో చంపింది ఒకరో పదిమందో తెలియదు. ఇందాక చెప్పినట్టు నాటకమంతా ఆ లెక్క మీద నడుస్తోంది. రాణి తమ్ముడు క్రియాన్ "దొంగలు" అని స్పష్టంగా బహువచనంలో చెప్పిన వెంటనే ఈడిపస్ మూలంలో ఏకవచనంలో అడుగుతాడు: ఒక దొంగకు అంత తెగువ ఎక్కడిది, ఇక్కడివాళ్ళు డబ్బు ఇచ్చి చేయించకపోతే? ఎందుకు అలా జారాడో నాటకం చెప్పదు. మీ స్క్రిప్టులో ఆ ఏకవచనం చెడిపోకుండా కాపాడండి.

ఇంకా రెండు మాటలు. "కర్మ" అనకండి. ఆ మాట పడగానే మన శ్రోత పూర్వజన్మ లెక్కలోకి వెళ్ళిపోతాడు. ఈడిపస్‌కు అలాంటి ఖాతా లేదు. "విధి" అనే మాటను కూడా పొదుపుగా వాడండి. కళ్ళు పోయాక అతను ఏమంటాడో చూడండి: ఈ బాధలన్నీ తెచ్చింది అపోలో, కాని పొడిచిన చెయ్యి నాదే, ఇంకెవరిదీ కాదు. "అంతా విధి" అని ముగిస్తే ఆ రెండో సగం చచ్చిపోతుంది. దీనికి ఎదురుగా మన భాషలో ఒక మాట ఎంతో సరిగ్గా అమరుతుంది: మైల. ఈ నేల మీద పెరుగుతున్న మైలను వెళ్ళగొట్టమని డెల్ఫీలోని అపోలో గుడి నుంచి వచ్చిన ఆజ్ఞ. చాలామంది దాన్ని "పాపం" అని రాస్తారు. పాపానికి మనసు కావాలి. మైల తెలిసి చేసినా తెలియక చేసినా అంటుకుంటుంది, పక్కవాళ్ళకూ పాకుతుంది. థీబ్స్ నగరాన్ని పీడిస్తున్నది అదే.

కోరస్ సంగతి. సోఫోక్లీజ్ కాలానికి కోరస్‌లో పదిహేనుమంది ఉండేవారు, పాడేవారు, ఆడేవారు. అంతమందిని మైకు ముందు నిలబెట్టి ఒకేసారి చదివిస్తే హల్లులు ఒకదానిమీద ఒకటి పడి మాట ముద్దయిపోతుంది. అలాగని తీసేస్తే ఈడిపస్ ఎవరి ఎదుట పతనమవుతున్నాడో తెలియదు. ఆ కథ ఊరి కళ్ళ ముందు జరగాలి. నేను నలుగురికి పంచాను: ఒక పెద్దగొంతు, ఒక భయస్థుడు, ఒక భక్తుడు, రాజంటే ప్రాణమిచ్చే ఒకడు. మొత్తం నాటకంలో మూడు చిన్న వాక్యాలు మాత్రం కలిసి పలికారు. ఇది మూలానికి ద్రోహం కాదు. అగమెమ్నాన్‌లో రాజు కేక వినపడగానే పన్నెండుమంది పెద్దలూ విడివిడిగా, తలా రెండు పంక్తులు మాట్లాడతారు. కంగారు పుట్టినప్పుడు గుంపు విడిపోవడం వాళ్ళకూ తెలుసు.

గొంతుల ఎంపికలో అసలు చిక్కు ఏమిటంటే, మాటలున్న పాత్రల్లో జొకాస్టా తప్ప అందరూ మగవాళ్ళే, వాళ్ళలో సగం ముసలివాళ్ళు. ఏథెన్స్‌లో ముగ్గురు నటులు ముఖకవచాలు మార్చుకుంటూ అన్ని పాత్రలూ వేసేవారు. మనకు ఆ సౌకర్యం లేదు, శ్రోత గొంతు గుర్తుపట్టేస్తాడు. కొరింథ్ మనిషి, థీబ్స్ కాపరి ఒకే ఘట్టంలో ఎదురుపడతారు కాబట్టి వాళ్ళిద్దరి తేడా మొదట తేల్చండి. కొరింథ్ మనిషి బహుమతి దొరుకుతుందని వచ్చానని తానే ఒప్పుకుంటాడు. అతనికి వాగుడు, ఉత్సాహం ఇవ్వండి. కాపరి ప్రతి మాటకూ వెనక్కి లాగుతాడు. "చెప్పరాని మాట అంచున నిలబడ్డాను" అంటాడు కాపరి. "నేను వినరాని మాట అంచున. అయినా వినాలి" అంటాడు ఈడిపస్. ఈ రెండు వాక్యాల మధ్య ఎడిటింగ్‌లో ఒక్క క్షణం కూడా కోయకండి.

పేర్లు మార్చవద్దన్నాను. థీబ్స్, కొరింథ్, డెల్ఫీ మధ్య దూరాలు, కొండ మీద వదిలేసిన పసివాడు, దేవుడి పలుకు, ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. మన ఊళ్ళకు తెస్తే ప్రతిదానికీ కొత్త కారణం వెతకాలి. కాకపోతే చెవికి బరువు తగ్గించండి. మూలంలో అపోలోనే ఫీబస్, లాక్సియస్ అని కూడా పిలుస్తారు. మీరు అపోలో అన్న ఒక్క పేరే ఉంచండి. తక్కిన పేర్ల పక్కన వరస తగిలించండి: "మీ ముందటి రాజు లాయస్", "నన్ను పెంచిన పాలిబస్".

కథను ముందే చెప్పేయాలా? నా అనుభవంలో చెప్పేయాలి. ఏథెన్స్ ప్రేక్షకులకు కథ తెలుసు. పద్యనాటకానికి వెళ్ళే మనవాళ్ళకు కూడా కథ తెలుసు, అయినా రాత్రంతా కూర్చుంటారు. 1927లో సంగీతకర్త స్ట్రవిన్‌స్కీ ఇదే కథను లాటిన్‌లో పాడించినప్పుడు కూడా ఒక వ్యాఖ్యాత వచ్చి జరగబోయేదాన్ని ప్రేక్షకుల భాషలో ముందే చెబుతాడు. అనౌన్సర్ చేత ఒక్క నిమిషంలో పసివాడి సంగతి, జోస్యం చెప్పించండి. అప్పుడు హంతకుణ్ణి శపిస్తూ ఈడిపస్ చేసే ప్రకటనలో ప్రతి మాటా శ్రోతకు గుచ్చుకుంటుంది. శ్రోతకు తెలియడం వల్ల నష్టం లేదు. నేను మొదట చేసినట్టు, ఈడిపస్‌కే తెలిసిపోయినట్టు వినిపించడం వల్లే నష్టం.

నిడివి. మూలం 1,530 పంక్తులు. మాటల వేగం మా రికార్డింగుల్లో నిమిషానికి సుమారు వంద మాటలు వచ్చేది. పాటలు, నిశ్శబ్దాలు తీసేస్తే గంటకు ఐదు వేల మాటలు మించకూడదు. పూజారి మొదటి విన్నపాన్ని, క్రియాన్‌తో గొడవను సగానికి తగ్గించండి. కాపరి రాకముందు కోరస్ సంబరంగా పాడే పాటను మాత్రం ముట్టుకోకండి. చివర్లో, చనిపోయేదాకా ఎవరినీ సుఖవంతుడు అనవద్దు అనే నీతి పంక్తులు ఉంటాయి. అవి సోఫోక్లీజ్ రాసినవి కావేమోనని చాలామంది పండితుల అనుమానం. నేను ధైర్యంగా తీసేశాను.

అక్కడికి రాకముందే మీకు కావలసిన ముగింపు ఉంది. కళ్ళు పోయిన ఈడిపస్ బయటికి వస్తాడు. కోరస్ పెద్ద పలకరిస్తే, చీకట్లో ఉన్నా నీ గొంతు నాకు స్పష్టంగా తెలుస్తోంది అంటాడు. చెవులను కూడా మూసేసుకునే దారి ఉంటే మూసేసుకునేవాణ్ణి అంటాడు. 1924లో బీబీసీ ప్రసారం చేసిన తొలి నాటకాల్లో ఒకటి బొగ్గు గనిలో, దీపాలు ఆరిపోయిన చీకట్లో జరుగుతుంది. పాత్రలు, శ్రోతలు ఒకే చీకట్లో ఉండాలని. సోఫోక్లీజ్ మొత్తం నాటకం నడిపి తన నాయకుణ్ణి ఆ చోటికే తెచ్చాడు. ఇక్కడి నుంచి ఈడిపస్‌ను మైకుకు బాగా దగ్గరగా పెట్టి, మిగతా అందరినీ దూరం జరపండి. అతనికి ఎవరు ఎంత దూరంలో వినపడుతున్నారో శ్రోతకూ అంతే దూరంలో వినపడాలి.

ఆ తరువాత ఇద్దరు ఆడపిల్లల వెక్కిళ్ళు వినిపిస్తాయి. "నా బిడ్డల ఏడుపేనా అది?" అంటాడు. వాళ్ళ పేర్లు అక్కడ చెప్పించకండి. క్రియాన్ పిల్లల చేతులు వదలమంటాడు. "వీళ్ళను నా నుంచి తీసుకోకు" అంటాడు ఈడిపస్. పిల్లల అడుగులు దూరమవుతాయి, తలుపు మూసుకుంటుంది. ఆ తలుపు తరువాత అనౌన్సర్ పేర్లు చదవడానికి ముందు నేను పది సెకన్ల నిశ్శబ్దం అడిగాను. ప్రసారంలో నాలుగే దొరికాయి, ప్రసారం ఆగిపోయిందని జనం అనుకుంటారని. మీరు రికార్డింగ్ రోజున అడగకండి, స్క్రిప్టులోనే "తలుపు. పది సెకన్లు." అని రాసి, రికార్డింగ్‌కు ముందే అందరి చేతా ఒప్పించుకోండి.